క్లబ్బు పోయినా ఆట ఆగలే: హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రల మన వాటా



పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపిక చేసుకొని చదవండి. నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, పోడు పట్టాల సంగతి ఈ గ్రూపుల రోజూ మాట్లాడుకుంటనే ఉంటం. ఈసారి ఫుట్‌బాల్ చరిత్ర రాస్తున్నం. పని లేని ముచ్చట అనుకోకండి. చివరిదాక చదివితే ఇది కూడా జాగ ముచ్చట, చదువు ముచ్చట, కొలువు ముచ్చట అని మీకే అర్థమైతది.

ముందు మేము ఎవరమో చెప్తం. మేము నలుగురం. ఇద్దరం మేడ్చల్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నం. ఒకరు శామీర్‌పేట దిక్కు మందుల కంపెనీల షిఫ్టు పని చేస్తడు. ఒక అక్క బీపీఈడీ చేసింది. ముగ్గురం లంబాడీలం, ఒకరు ఆదిలాబాద్ గోండు. మూడేండ్ల నుంచి ఆదివారం పొద్దున పొద్దున్నే శామీర్‌పేట చెరువు అవతల ఒక ఖాళీ జాగల పిల్లలకు ఆట నేర్పిస్తున్నం. బిల్డింగు పని చేసేటోళ్ల పిల్లలు, ఫ్యాక్టరీలల్ల వాచ్‌మెన్ల పిల్లలు, చుట్టుపక్కల తండాల పిల్లలు కలిసి ముప్పై మంది దాక వస్తరు.

అందులో మూడో తరగతి చదివే పాప ఒకామె ఉన్నది. అమ్మానాయిన నారాయణఖేడ్ దిక్కు తండా నుంచి పనికి వచ్చిండ్రు. వాళ్ల అన్నకు చిన్నగైన హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపుపచ్చ జెర్సీ వేసుకొని వస్తది, మోకాళ్ల దాక ఉంటది. మొన్న ఆదివారం నీళ్లు తాగేటప్పుడు అడిగింది: "అన్నా, ఈ అంగీ టీం ఢిల్లీకి పోయిందంట గద. ఎందుకు పోయింది? ఆడ పని దొరికిందా?"

పెద్ద పిల్లలు పకపక నవ్విండ్రు. మాకు నవ్వు రాలేదు. ఆ బిడ్డకు తెలిసిన లెక్క అదే. ఊరు విడిచి పోయినోళ్లంతా పని కోసమే పోతరు. మేము ఏదో ఒకటి చెప్పి విజిల్ ఊదినం గని, ఆ ప్రశ్న వారమంతా మా మనసుల తిరిగింది. మన టీం అంటే ఏంది? ఎక్కడ మొదలైంది? పోయినంక ఏం మిగిలింది? మాకు తెలిసినంత రాస్తున్నం.

పసుపుపచ్చ జెర్సీ కథ

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019ల మొదలైంది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత గ్రౌండు. మొదటి సీజన్ల అన్నీ దెబ్బలే. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చిండు, కుర్రాళ్లను నమ్మి ఆడిపించిండు. కరోనా వల్ల 2020-21, 2021-22 సీజన్ల మ్యాచులన్నీ గోవాలనే జరిగినయి. 2022 మార్చి 20న గోవా ఫతోర్దా స్టేడియంల ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ మీద 1-1 అయి, పెనాల్టీలల్ల 3-1 తోటి మనోళ్లు కప్పు కొట్టిండ్రు. మేము హాస్టల్‌ల ఒక్క ఫోను గోడకు ఆనించి, పది మందిమి మీద మీద పడి చూసినం. గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే వార్డెన్ సారు లేచి వచ్చిండు. తిడ్తడనుకున్నం. ఆయన కూడా నిలబడి చూసిండు.

విచిత్రం ఏందంటే, హైదరాబాద్ పేరు మీద కప్పు కొట్టిన ఆ సీజన్ల ఆ టీం హైదరాబాద్‌ల ఒక్క మ్యాచ్ కూడా ఆడలే. ఆ తర్వాతి సీజన్ల గచ్చిబౌలికి తిరిగి వచ్చింది. మేడ్చల్ నుంచి బస్సులు మారి పోయేటోళ్లం. మ్యాచు అయిపోయేసరికి రాత్రి తొమ్మిదిన్నర, వాపస్ వచ్చేసరికి హాస్టల్ గేటు బంద్. టికెట్ కన్నా ఆటో కిరాయే ఎక్కువ అయ్యేది. అయినా పోయినం. లీగ్‌ల రెండో స్థానం వచ్చింది ఆ ఏడు.

ఆ తర్వాత క్లబ్బుకు పైసల కష్టాలు మొదలైనయి. మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయిండ్రు. 2023-24ల మొత్తం సీజన్ల ఒక్కటే మ్యాచ్ గెలిచి అట్టడుగున మిగిలింది. 2025ల ఆ క్లబ్బు ఢిల్లీకి మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకున్నది. ఆరేండ్లల్ల కథ అయిపోయింది. అజీజ్‌నగర్ దిక్కు శ్రీనిధి దక్కన్ క్లబ్బు ఉన్నది, అది ఐ-లీగ్‌ల 2022-23, 2023-24 రెండు సార్లు రెండో స్థానం దాక వచ్చింది. దాన్ని కూడా మేము ఇష్టంగా చూస్తం. కానీ పసుపుపచ్చ జెర్సీ వేసుకున్న బిడ్డకు ఆ మాట చెప్తే సరిపోదు.

పోలీసు టీం, బడిపంతులు కోచ్

హైదరాబాద్ ఫుట్‌బాల్ 2019ల మొదలుకాలే. మన తాతల కాలంల దేశం మొత్తం మీద భయపడే టీం ఒకటి ఈ ఊర్లనే ఉండేది. దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. బొంబాయిల జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాక వరుసగా ఐదేండ్లు గెలిచింది. 1950ల డ్యూరాండ్ కప్పు ఫైనల్‌ల మోహన్ బగాన్ అంతటి టీంను ఓడించింది.

ఆ టీంకు 1943 నుంచి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన చేసే కొలువు బడిల పంతులు పని. అందరూ రహీం సాబ్ అనేటోళ్లు. ఈ నడుమ అజయ్ దేవగణ్ తోటి 'మైదాన్' సినిమా వచ్చింది గద, అది ఆయన కథే. 1950 నుంచి భారత జట్టుకు కూడా ఆయనే కోచ్. 1951ల ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్‌ల ఇరాన్ మీద 1-0 తోటి బంగారు పతకం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఆస్ట్రేలియాను 4-2 తోటి కొట్టి సెమీస్ దాక పోయి, నాలుగో స్థానం. ఆ జట్టుల అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, బలరాం లాంటి మన హైదరాబాద్, సికింద్రాబాద్ ఆటగాళ్లు ఉండిరి. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ నాటికి రహీం సాబ్‌కు క్యాన్సర్. అయినా జట్టు తోటి పోయిండు. ఫైనల్‌ల స్టేడియం నిండ జనం మనోళ్లకు ఎదురు తిరిగి అరుస్తుంటే, దక్షిణ కొరియా మీద 2-1 తోటి బంగారం గెలిచిండ్రు. తర్వాతి ఏడాది 1963 జూన్ 11న ఆయన చనిపోయిండు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌ల మన దేశానికి ఆ తర్వాత ఇప్పటిదాక ఇంకో బంగారం రాలేదు.

కోచింగ్ చేసేటోళ్లుగా మాకు ఎక్కువ పనికొచ్చింది ఆయన పతకాల లెక్క కాదు, ఆయన నేర్పిన తీరు. బలం లేని కాలు తోటే ఆడాలె అని రూలు పెట్టి పోటీలు నడిపేటోడు. కుడికాలు వాటం ఉన్నోడు ఎడమ కాలు తోటే తన్నాలె. మొదట్ల అందరూ నవ్వులపాలైతరు. కొన్ని నెలలకు రెండు కాళ్లూ దారికొస్తయి. బంతిని ఎక్కువ సేపు దగ్గర పెట్టుకోవద్దు, చిన్న పాసులు ఇచ్చి ఖాళీల ఉరకాలె అనేది ఆయన పద్ధతి. దీనికి పచ్చ గడ్డి గ్రౌండు అక్కరలే, ఫారిన్ కిట్టు అక్కరలే. బడిపంతులు ఓపిక ఉంటే చాలు.

అమ్ముగూడ పిలగాడు

ఇగ మన దిక్కు కథ. శామీర్‌పేట నుంచి సికింద్రాబాద్ పోయే తొవ్వల తూంకుంట, హకీంపేట, బొల్లారం, అల్వాల్ దాటుకుంట పోతం. ఆ కంటోన్మెంట్ పక్కనే అమ్ముగూడ ఉన్నది. 1936 అక్టోబర్ 4న అక్కడ ఒక పేదింట్ల తులసీదాస్ బలరాం పుట్టిండు. ఇంట్ల తమిళం మాట్లాడే కుటుంబం. బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్లు దొరికితే మోచీ దగ్గర ఆటకు పనికొచ్చేటట్టు కుట్టించుకున్నడు. రహీం సాబ్ కన్ను ఆయన మీద పడింది. క్యాంపుకు రమ్మంటే అమ్ముగూడ నుంచి పట్నం పోవడానికి సైకిలు లేదు. కిరాయి సైకిలుకు పైసలు రహీం సాబే ఇచ్చిండని పాత ఆటగాళ్లు చెప్పుకునేటోళ్లు.

ఆ కిరాయి సైకిలు ఎక్కడిదాక పోయిందో చూడండి. ఇరవై ఏండ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్. 1960 రోమ్ ఒలింపిక్స్‌ల హంగేరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు. 1962ల జకార్తా బంగారం, అదే ఏడు అర్జున అవార్డు. కలకత్తాల ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆడితే అక్కడి జనం నెత్తిన పెట్టుకున్నరు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం, ఈ ముగ్గురిని కలిపి చెప్పనిదే భారత ఫుట్‌బాల్ చరిత్ర లేదు.

కానీ ఊపిరితిత్తుల జబ్బు వచ్చి చిన్న వయసులనే ఆట విడిచిపెట్టాల్సి వచ్చింది. తోటి ఇద్దరికి పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. చివరి ఏండ్లు కలకత్తా దగ్గర ఉత్తరపారాల ఒంటరిగా గడిపి, 2023 ఫిబ్రవరి 16న చనిపోయిండు. ఆ రోజు మేము హకీంపేట మీదుగా బస్సుల పోతూ ఫోన్‌ల ఆ వార్త చదివినం. రోజూ పోయే తొవ్వకు అంత దగ్గర్ల పుట్టిన ఒలింపియన్ పేరు, అప్పటిదాక మా నలుగురిల ముగ్గురికి తెలియదు. సిగ్గు అనిపించింది. ఈ పోస్టుకు బీజం అప్పుడే పడ్డది.

ఎందుకు తగ్గింది?

రహీం సాబ్ పోంగనే ఆట ఒక్కసారి పడిపోయింది అనడం తప్పు. 1965-66ల ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంతకుముందు 1956-57, 1957-58ల హైదరాబాద్ గెలిచింది. 1970 ఏషియన్ గేమ్స్‌ల కాంస్యం గెలిచిన భారత జట్టు కెప్టెన్ మన హైదరాబాద్ నయీముద్దీన్. ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ లాంటోళ్లు కలకత్తా పెద్ద క్లబ్బులల్ల పేరు తెచ్చుకున్నరు.

మేము చదివిందీ, పెద్దమనుషుల నోట విన్నదీ కలిపి చూస్తే మూడు కారణాలు కనపడ్తయి. మొదటిది, కలకత్తా. పేరూ పైసలూ అక్కడ ఉండె, మంచోళ్లంతా అటే పోయిండ్రు. రెండోది, కొలువు. అప్పట్ల ఆటగాడంటే పోలీసుల, రైల్వేల, బ్యాంకుల, ఫ్యాక్టరీల ఉద్యోగం. పేదింటి పిలగాడు ఆడుతుంటే తల్లిదండ్రులు సరే అన్నది ఆ ఆశ తోటే. ఆ ఉద్యోగాలు తగ్గంగనే "బంతి తంతే బువ్వ వస్తదా?" అనే మాట మొదలైంది. మూడోది, జాగ. ఊరు పెరిగింది. బడి గ్రౌండ్లల్ల రూములు లేచినయి, ఖాళీ జాగలల్ల ప్లాట్లు పడ్డయి. మిగిలిన చోట క్రికెట్ వికెట్లు పాతిండ్రు. క్రికెట్ మీద మాకు కోపం లేదు, మేమూ ఆడ్తం. కానీ ఒకే జాగ రెండు ఆటలకు చాలకపాయె.

కొలువు మాట ఎంత నిజమో 2024 డిసెంబర్ 31న మా కండ్లతోటి చూసినం. సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిల జరిగింది, బెంగాల్ మీద కేరళ. చివరి నిమిషాలల్ల గోలు కొట్టి బెంగాల్‌ను గెలిపించింది రోబీ హాంస్దా. హాంస్దా అంటే సంతాల్ ఆదివాసుల ఇంటిపేరు. ఆ టోర్నమెంటుల పన్నెండు గోల్స్ తోటి అందరికన్నా ఎక్కువ కొట్టింది కూడా అతనే. తర్వాత బెంగాల్ ప్రభుత్వం ఆ జట్టు ఆటగాళ్లకు ఉద్యోగాలు ప్రకటించింది. మన ఊరి స్టేడియంల, ఒక ఆదివాసీ పిలగాడు కొత్త సంవత్సరం ముందు రాత్రి కప్పు ఎత్తిండు. మన పేపర్లల్ల చిన్న వార్త వచ్చింది. ఈ గ్రూపుల అయితే అసలే రాలేదు, ఆ తప్పు మాదే.

తొలి కెప్టెన్ మనోడే

"ఫుట్‌బాల్ మనది కాదు అన్న, మనకు కబడ్డీ, ఖో-ఖో చాలు" అని మా హాస్టల్‌ల ఒక తమ్ముడు అన్నడు. అట్ల అనుకునేటోళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. స్వతంత్రం వచ్చినంక భారత జట్టు ఆడిన మొదటి ఒలింపిక్స్ 1948 లండన్. ఆ జట్టు కెప్టెన్ తాలిమెరెన్ ఆవో. నాగా కొండలల్ల చాంకీ ఊరు, ఆవో నాగా తెగ. ఆ ఒలింపిక్స్‌ల మన దేశం జెండా పట్టుకొని ముందు నడిచింది కూడా ఆయనే. జట్టుల చాలామంది ఉత్త కాళ్లతోటి ఆడి, ఫ్రాన్స్ చేతుల 1-2 తోటి మాత్రమే ఓడిపోయిండ్రు. రెండు పెనాల్టీలు పోకుంటే కథ వేరే ఉండేది. మోహన్ బగాన్‌కు ఆడుకుంటనే కలకత్తాల డాక్టరు చదువు పూర్తి చేసి, తిరిగి నాగాలాండ్ పోయి ఆయన జనానికి వైద్యం చేసిండు. ఆటా చదువూ ఒకదానికొకటి అడ్డం అనేటోళ్లకు ఆయన బతుకే జవాబు.

హాకీల జైపాల్ సింగ్ ముండా పేరు మనకు తెలుసు, మీటింగులల్ల చెప్పుకుంటం. తాలిమెరెన్ ఆవో పేరు కూడా పక్కన చేర్చాలె. జార్ఖండ్ పల్లెలల్ల ఇప్పటికీ మేకపోతు బహుమతిగా పెట్టి ఫుట్‌బాల్ పోటీలు నడుస్తయి, వాటిని ఖస్సీ టోర్నమెంట్లు అంటరు. ఆ జార్ఖండ్ గుమ్లా జిల్లా నుంచి వచ్చిన అష్టం ఒరావ్ 2022ల మన దేశంల జరిగిన అండర్-17 అమ్మాయిల వరల్డ్ కప్పుల భారత కెప్టెన్.

అంత దూరం పోవుడెందుకు? మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే సీదా నిజామాబాద్ జిల్లాకు పోతది. ఆ జిల్లా తండా బిడ్డ గుగులోతు సౌమ్య. మన లంబాడీ బిడ్డ. కెంక్రే, గోకులం కేరళ క్లబ్బులకు ఆడింది. 2022ల క్రొయేషియా దేశంల డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు పోయింది. భారత జట్టుకు ఆడుతున్నది. 2024-25ల ఈస్ట్ బెంగాల్ అమ్మాయిల లీగ్ గెలిచిన జట్టుల ఉన్నది, ఆ ఏడు దేశంల ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ ప్లేయర్ అవార్డు ఆమెకే వచ్చింది. అరవై ఏండ్ల కింద అమ్ముగూడ బలరాం వేసుకున్న ఈస్ట్ బెంగాల్ ఎరుపు, పసుపు జెర్సీనే ఇయ్యాల తండా బిడ్డ వేసుకున్నది. ఇది మా పిల్లలకు చెప్పినప్పుడు, ఆ పసుపుపచ్చ జెర్సీ పాప "ఆమె గోర్ మాట్లాడ్తదా?" అని అడిగింది. మాట్లాడ్తది బిడ్డా అన్నం. ఆ దినం ఆమె పోయే దాక బంతి విడువలే.

మేము చేసే పని, మేము చేసిన తప్పులు

మూడేండ్ల కింద మొదలుపెట్టినప్పుడు మాకు కోచింగ్ అంటే తెలియదు. టీవీల చూసింది చూసినట్టు అరిచేటోళ్లం. గెలవాలె అని పెద్ద పిల్లలనే ఆడిపించి, చిన్నోళ్లను లైను బయట బంతులు ఏరడానికి పెట్టినం. ఆరు నెలలకు చిన్నోళ్లు సగం మంది రావడం బంద్ చేసిండ్రు. అది మా మొదటి తప్పు.

రెండోది ఇంకా పెద్దది. ఆడపిల్లలు తొమ్మిది మంది వచ్చేటోళ్లు. మగపిల్లలకు గ్రౌండు మొత్తం ఇచ్చి, వాళ్లకు మూలకు జాగ ఇచ్చినం. బట్టలు మార్చుకునే చాటు లేదు, బాత్రూం లేదు. బాగా ఉరికే ఒక చెల్లె, ఆరో తరగతి, చెప్పకుంట మానేసింది. వాళ్ల యాడిని అడిగితే, "మీరు మంచోళ్లే బాబూ, కానీ మా బిడ్డ గురించి ఎవరు ఆలోచించిండ్రు?" అన్నది. జవాబు లేకపాయె. అప్పుడే బీపీఈడీ అక్కను బతిమిలాడి తెచ్చుకున్నం. ఇప్పుడు మొదటి గంట ఆడపిల్లలకే. దగ్గర్ల ఉన్న ఒక ఇంటోళ్లు బాత్రూం వాడుకోనిస్తున్నరు. ఆ చెల్లె మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు నడిపే తీరు ఇట్లుంటది, మీ ఊర్ల చేయాలనుకునేటోళ్లకు పనికొస్తది. పెద్ద మ్యాచు పెట్టం. నలుగురు నలుగురు చొప్పున చిన్న చిన్న జాగలల్ల ఆట. పదకొండు మంది మ్యాచుల చిన్న పిల్లలకు బంతి ఎప్పుడో ఒకసారి అందుతది, నలుగురి ఆటల మాటిమాటికి కాలికి తగుల్తది. నెలల రెండో ఆదివారం రహీం సాబ్ ఆదివారం, బలం లేని కాలు తోటే ఆడాలె, మేము కూడా. పిల్లలకు ఆ రోజంటేనే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే మేము కింద పడ్తం. కోన్లకు బదులు ఇసుక పోసిన నీళ్ల సీసాలు. బంతులు నలుగురం చందా వేసుకొని కొన్నయి. బూట్లు ఒకరికి చిన్నగైతే ఇంకొకరికి, ఒక సంచిల పెట్టి ఉంచుతం. ఎండకాలం ఏడున్నరకే బంద్. ప్రాక్టీసు కాంగనే అరగంట హోంవర్కు.

ఇంకో పని హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ సెలెక్షన్లకు తయారు చేయడం. మన శామీర్‌పేట పక్కనే ఉన్నా, చాలామంది మనోళ్లకు అందుల ఎట్ల చేరాల్నో తెలియదు. నాలుగో తరగతిల తీసుకుంటరు. మండలం, జిల్లా, రాష్ట్రం స్థాయిలల్ల పరీక్షలు ఉంటయి. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలబడి ముందుకు దూకుడు, నిలువు దూకుడు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసురుడు లాంటివి. ఎత్తు, బరువు కూడా చూస్తరు. అంటే మూడో తరగతి నుంచే తయారు కావాలె. కరీంనగర్‌ల, ఆదిలాబాద్‌ల కూడా స్పోర్ట్స్ స్కూళ్లు ఉన్నయి, అటు దిక్కు తమ్ముళ్లు అక్కడ అడగండి. పరుగు కన్నా కష్టం కాయితాలు. పనికి వలస వచ్చిన తల్లిదండ్రుల దగ్గర పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఒక ఊర్ల, కుల సర్టిఫికెట్ ఒక మండలంల, బోనఫైడ్ ఇంకో బడిల ఉంటయి. మన గ్రూపుల మీసేవ నడిపేటోళ్లు, డిగ్రీ చదివేటోళ్లు ఉన్నరు. ఒక్కొక్కరు ఒక్క పిల్ల కాయితాల బాధ్యత తీసుకుంటే ఎంతో మేలు.

పసుపుపచ్చ జెర్సీ పాప ఈసారి పరీక్షకు పోతది. 800 మీటర్లు పెద్ద పిల్లల తోటి సమానంగా ఉరుకుతది. ఆమె పుట్టిన తేదీ కాయితం కోసం వాళ్ల నాయిన కూలి పోగొట్టుకొని నారాయణఖేడ్ దిక్కు రెండు సార్లు పోయి వచ్చిండు. ఇంకా చేతికి రాలే.

తెల్ల రాళ్లు

ఇగ అసలు కష్టం. రెండు నెలల కింద ఒక ఆదివారం పోయేసరికి మా జాగల ఒక మూలకు తెల్ల సున్నం రాళ్లు పాతి ఉన్నయి. పిల్లలు సంబరపడ్డరు, గోల్‌పోస్టులు దొరికినయని. మాకు తెలుసు ఆ రాళ్లంటే ఏందో. పోయిన వారం ఇంకో వరుస పడ్డది. జాగ ఎవరిది, సర్కారుదా పట్టాదా, మాకు సక్కగా తెలియదు. ఇన్నేండ్లు ఎవరూ అడగలేదు గనుక మేమూ అడగలేదు. అది మా మూడో తప్పు.

అందుకే మేము మూడు పనులు మొదలుపెట్టినం. ఒకటి, సర్వే నంబరు కనుక్కొని రికార్డు తీయించడం. సర్కారు జాగైతే ఆట జాగగా ఉంచమని అర్జీ పెడ్తం, పిల్లల తల్లిదండ్రుల సంతకాల తోటి. రెండు, పట్టా జాగైతే గొడవకు పోం. ఓనరు దగ్గరికి పోయి ఇల్లు కట్టేదాక ఆదివారాలు ఆడుకోనివ్వమని అడుగుతం. మూడు, 2022ల ఊరూరికి పెట్టిన తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మన చుట్టుపక్కల ఎక్కడెక్కడ ఉన్నయో తిరిగి చూస్తున్నం. ఫుల్ గ్రౌండుకు అవి చిన్నగుంటయి. నలుగురు నలుగురి ఆటకు బరాబర్ సరిపోతయి.

ఇన్ని రోజులు మేము క్లబ్బు వెంట తిరిగినం, టికెట్లు కొన్నం, జెర్సీలు వేసుకున్నం, ఏడ్చినం, ఎగిరినం. అందుల తప్పేం లేదు, ఇంకో క్లబ్బు వస్తే మళ్లీ పోతం. కానీ ఈ చరిత్ర అంతా రాసినంక ఒకటి మాకు అర్థమైంది. హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను నిలబెట్టింది ఒక బడిపంతులు, ఒక కిరాయి సైకిలు, పోరగాళ్లు ఆడుకునే జాగ, ఆడినోనికి ఒక కొలువు. ఈ నాలుగూ ఉన్నంత కాలం ఆట ఉండె. క్లబ్బు యజమానులు ఎక్కడికైనా పోవచ్చు. మనం పిల్లలను విడిచి ఎక్కడికి పోతం?

వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు గ్రౌండు దగ్గర కలుద్దం. సంతకాల కాయితం తెస్తున్నం. రెవెన్యూ రికార్డులు చూడొచ్చే అన్నలు ఎవరన్న ఉంటే తప్పక రండి. సంగారెడ్డి జిల్లాల పుట్టిన తేదీ సర్టిఫికెట్ల పని తెలిసినోళ్లు ఉంటే మాకు మెసేజ్ పెట్టండి, ఒక బిడ్డ పరీక్ష దాని మీదనే ఆగి ఉన్నది. పాత బూట్లు ఉంటే తెండి. 3 నుంచి 5 సైజు ఎక్కువ కావాలె.

ఆ పాపకు జవాబు కూడా ఆదివారమే చెప్తం. "ఆ టీం పోయింది బిడ్డా. మనం ఉన్నం" అని.

జై సేవాలాల్. జై సేవా.